తొలిచిన పంపు

పోయిన వారం సంచిక చేతికి అందనివాళ్ల కోసం ముందుగా నాలుగు మాటలు. మిర్యాలగూడ అంచున లేచిన కొత్త కాలనీలో సువార్తమ్మ పెరడు అంటే అందరికీ తెలుసు. పురుగుల మందు చుక్క తగలని కూరగాయలని గేటు దాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. వినాయక చవితి వెళ్లిన వారంలోనే ఆ పెరడు మొత్తం మెలికలు తిరిగి చచ్చిపోయింది. పక్కింట్లో కిరాయికుండే ఆటో లింగస్వామి సరిగ్గా ఆ రోజుల్లోనే గోడవతలి ఖాళీ ప్లాటులో గడ్డి మందు కొట్టాడు. కావాలనే గోడ మీదుగా తన పెరట్లోకీ కొట్టాడని సువార్తమ్మ నింద వేసింది. ఆమె అన్న మత్తయ్య ఊ అన్నాడు. రేపు ఆదివారం కాలనీ పెద్దలు కూర్చుంటారు. తప్పు లింగస్వామిదని తేలితే ఇల్లు ఖాళీ చేయిస్తానని సూర్యాపేటలో ఉండే ఇంటి ఓనరు కబురు పెట్టాడు. ఈలోగా సువార్తమ్మ కోడలు జ్యోత్స్న ఎవరికీ చెప్పకుండా త్రిపురారం వెళ్లి, మత్తయ్య పొలం గట్టు మీద నిలబడి ఒక సంగతి చూసింది. చూసిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

శనివారం సాయంత్రం జ్యోత్స్న మాడుగులపల్లి బడి నుంచి బస్సులో నిలబడే వచ్చింది. దిగి కాలనీ మట్టి రోడ్డు పట్టుకుని నడుస్తుంటే కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. వారం రోజులుగా ఇంట్లో ఒకటే మాట. పొద్దున లేస్తే పెరడు, పడుకునే ముందు లింగస్వామి. భర్త వేణు రైస్‌మిల్లులో రెండో షిఫ్టు అడిగి మరీ వేయించుకున్నాడు, ఈ గోల వినలేక.

సువర్ణ వాళ్ల ఇంటి ముందు నుంచే దారి. లింగస్వామి భార్య సువర్ణ వాకిట్లో బోళ్లు తోముతోంది. ఇదివరకైతే "టీచరమ్మా, చాయ్ తాగి పో" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. బిడ్డ రమ్య ఇంటర్ రెండో సంవత్సరం. ఇంగ్లిషు పుస్తకం పట్టుకుని రోజూ సాయంత్రం జ్యోత్స్న దగ్గరికే వచ్చేది. ఇప్పుడు సువర్ణ తల ఎత్తింది, చూసింది, గిన్నె పట్టుకుని వీపు తిప్పేసింది. గిన్నె మీద పీచు గరగరా రాసిన చప్పుడు జ్యోత్స్న గేటు దాకా వెంటబడి వచ్చింది.

ఇంటి ముందు ఎక్సెల్ బండి ఆగి ఉంది. మత్తయ్య వచ్చాడన్నమాట.

ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల లుంగీ, మడత నలగని చొక్కా. రేపటి పంచాయితీకి సిద్ధమై వచ్చిన మనిషిలాగే ఉన్నాడు గానీ, మొహంలో మాత్రం నాలుగు రాత్రుల నిద్ర బాకీ కనబడుతోంది.

"వచ్చినవా బిడ్డా. మీ అత్త సుమతమ్మోళ్ల ఇంట్ల ప్రార్థనకు వోయింది. రేపు న్యాయం జరగాల్నని ప్రార్థన."

"చాయ్ పెట్టనా పెదనాన్నా?"

"పెట్టు. జర సక్కెర ఎక్కువెయ్యి. షుగరున్నదని మీ పెద్దమ్మ ఆడ సక్కెరను బంగారం తూచినట్టు తూస్తది."

జ్యోత్స్నకు నవ్వు రాలేదు. చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, తను పెరట్లోకి దిగింది.

పెరడు అనడానికి ఇప్పుడు ఏమీ లేదు. వంగ మొక్కలు ముసలివాళ్ల వేళ్లలా వంకర్లు పోయి నిలబడ్డాయి. బెండ ఆకులు ఆకుల్లా లేవు, చీర అంచు నుంచి లాగిన దారాల్లా సన్నగా సాగి వేలాడుతున్నాయి. టమాటా కాడలు పాము చుట్టలు. పందిరి మీది చిక్కుడు తీగ మాడి నల్లబడింది. సువార్తమ్మ కలుపు తీసేటప్పుడు కూడా గంగవాయిలి కూరను పీకేది కాదు, "ఇది కలుపు గాదు, పప్పుల ఏస్తే కూర" అని వదిలేసేది. ఆ గంగవాయిలి కూడా మెత్తబడి కుళ్లిపోయింది. తెల్లదోమ కోసం ఆముదం రాసి కర్రలకు కట్టిన పసుపు అట్టలు మాత్రం అలాగే ఉన్నాయి, కాపలా కాయడానికి ఏమీ మిగలని కాపలాదారుల్లాగా.

పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లేది సువార్తమ్మ. పురుగు తొలిచిన కొమ్మ తల వాలేస్తే గోటితో గిల్లి దూరంగా పారేసేది. ఎక్కువైతే వేపనూనె. అంతకు మించి ఒక్క సీసా ఆ గేటు లోపలికి రానిచ్చింది కాదు. అలాంటి పెరడు ఇది.

జ్యోత్స్న వంగి, వంగ మొదట్లో నుంచి గుప్పెడు గరిక పీకి తెచ్చింది. పచ్చగా, నవనవలాడుతూ ఉంది.

"పెదనాన్నా, గడ్డి మందు పడితే ముందు ఏది చావాలి?"

"గదేం ప్రశ్న? గడ్డే సావాలె."

"మరి ఇది చావలేదే?"

మత్తయ్య చాయ్ ఊదుకున్నాడు. ఊదుకోవాల్సినంత వేడిగా లేదది.

"గరిక జాతే గట్టిది బిడ్డా. ఎండకు సావది, వానకు సావది."

"గోడవతల చచ్చింది. ఇప్పుడే చూసి వచ్చాను. లింగస్వామి కొట్టిన ప్లాటులో గరిక, తుంగ, వయ్యారిభామ అన్నీ ఎండుగడ్డి రంగులోకి తిరిగి నిలువునా మాడిపోయాయి. ఒక్క మొక్క మెలిక పడలేదు. ఇక్కడేమో గరిక బతికింది, తుంగ బతికింది, కూరగాయలు మెలికలు పడి చచ్చాయి. ఒకే మందుకు రెండు రకాల చావు ఉంటుందా?"

"బడిల పిలగాండ్లను గూడ గిట్లనే అడుగుతవా?"

"అడుగుతాను. చెప్పనివాళ్లను నిలబెడతాను."

"నన్ను నిలబెట్టకు తల్లీ, మోకాళ్లు సహకరియ్యవు." ఆయన నవ్వబోయాడు. సగంలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

జ్యోత్స్న కింది మెట్టు మీద కూర్చుంది. గొంతు పెంచే ఓపిక కూడా లేదు ఆమెకు. రేపటి దాకా ఆగితే ఈ మాట ఇంకెవరూ అనరని తెలుసు కాబట్టి అంటోంది.

"నిన్న మీరు ఇక్కడ పెద్దమనుషులతో మాట్లాడుతున్నప్పుడు నేను త్రిపురారం వెళ్లాను."

"మా ఇంటికా? నేను లేను గదా."

"మీరు లేరనే వెళ్లాను."

గ్లాసు మెట్టు మీద పెట్టిన చప్పుడు.

"మీ పొలం గట్టు మీద పెద్దమ్మ బెండ గింజలు వేసింది కదా. ఆ మొక్కలన్నీ ఇలాగే ఉన్నాయి పెదనాన్నా. ఆకులు దారాలైపోయి, కాడలు మెలిక పడి. వరి మాత్రం పచ్చగా ఉంది, గట్టు మీద గరిక పచ్చగా ఉంది. ఏంటి పెద్దమ్మా ఇది అని అడిగితే, 'వరిల ఆకు కలుపు పడ్డదని మీ పెదనాయిన మందు కొట్టిండు, గాలికి నా బెండ చెట్లు పోయినయ్, రొండు దినాలు నేను ఆయనతోని మాట్లాడలే' అంది. ఎప్పుడు కొట్టారు అంటే వినాయకుణ్ని కూర్చోబెట్టే ముందు రోజని చెప్పింది. గడ్డి జాతిని వదిలి వెడల్పాకు మొక్కల్నే చంపే మందది."

మత్తయ్య పెరటి వైపు చూస్తున్నాడు.

"ఆ మర్నాడే మీరు మందు కొట్టే పంపును బండి మీద కట్టుకుని ఇక్కడికి వచ్చారు. అత్తమ్మ పిలిస్తే. పేనుబంకకు వేపనూనె కొట్టడానికి."

బాత్రూం గోడకు ఆనించి ఉన్న పంపు వైపు ఇద్దరి చూపులూ ఒకేసారి వెళ్లాయి. వీపుకు తగిలించుకునే పాత పంపు. నీలం రంగు వెలిసిపోయి, పట్టీలకు చినిగిన లుంగీ గుడ్డ చుట్టి ఉంది. ఆ రోజు నుంచి అక్కడే ఉంది. దాన్ని తీసుకుపోవాల్సిన పని ఆయనకు పడలేదు.

"ఆ పంపు కడిగారా పెదనాన్నా?"

"కడగక? కాలువల తొలిసిన. మల్ల మల్ల నీళ్లు పోసి తొలిసిన."

తొలిసిన.

ఆ మాట దగ్గర జ్యోత్స్న ఆగిపోయింది. పెళ్లయి కోదాడ నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇదే మాటకు ఆమె అందరి ముందూ నవ్వులపాలైంది. "చెంబు తొలిసి నీళ్లు పట్టుకరా" అని అత్త అంటే, చెంబుకు బెజ్జం పెట్టడం ఏమిటా అని నిలబడిపోయింది. వాళ్ల పుట్టింట్లో గిన్నెలు జాడించేవాళ్లు. తొలిచేది వంకాయలో పురుగే. వేణు పడీపడీ నవ్వాడు. సువార్తమ్మ మాత్రం ఓపిగ్గా విడమరిచి చెప్పింది: "నీళ్లు పోసి తిప్పి పారబోస్తే తొలుసుడు. సబ్బు పెట్టి రుద్దితే కడుగుడు. రొండూ ఒకటి గాదు బిడ్డా. మా అమ్మ పటేండ్ల ఇంట్ల బోళ్లు తోమేది. తొలిసి కడిగిన అని చెప్తే గంటె కాడతోని కొట్టేది మమ్ముల."

మమ్ముల అంటే ఆమెనూ, ఈ అన్ననూ.

"తొలిచారు. కడగలేదు," అంది జ్యోత్స్న.

మత్తయ్య మొహం ఎర్రబడింది.

"అంటే? నేనే సంపిన అంటవా? నా సెల్లె పెరట్ల నేనే మంట వెట్టిన అంటవా? నన్ను ఏమని పిలుస్తరో ఎరుకేనా నీకు? మందు మత్తయ్య. కొత్తోళ్లు తాగుబోతు అనుకుంటరు. ఒక్క సుక్క ముట్టనోన్ని! ఏ పురుగుకు ఏ మందు, ఎంత నీళ్లకు ఎంత, ఏ గాలికి ఎటు మల్లాలె... ఊర్లకు ఊర్లు బండి పంపి నన్ను తోల్కపోయేటివి. నా చేతి మీద ఒక్క చేను మాడలే. ఒక్కటంటే ఒక్కటి!"

అరిచినంత సేపు అరిచి, ఊపిరి అందక ఆగాడు. పక్కింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. మత్తయ్య గోడ వైపు చూసి గొంతు దించాడు. దించిన గొంతులో కోపం లేదు.

"ఇప్పుడు డ్రోన్లొచ్చినయ్. ఫోన్ల నొక్కితే వస్తది, పైన గిర్రున తిరిగి ఎకరం ఖతం జేసి పోతది. నడుపుతున్న పోరడు నన్ను సూసి, తాతా జర దూరం ఉండు, నీ మీద పడ్తది అంటడు. నా మీద! పుట్టినకాడికెళ్లి ఆ వాసన మీదనే బతికినోన్ని." కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఎవ్వలు పిలుస్తలేరు బిడ్డా. సెల్లె పిలిచింది. ఆమెకు వేపనూనె కొట్టుకునుడు రాదా? వస్తది. నన్ను పిలవాల్నని పిలిచింది. అన్నకు పని చెప్పాల్నని. గా సంబురంల... బండికి కట్టుకుని ఉరికొచ్చిన. సబ్బు పెట్టి కడగాలె, ఒక రాత్రి నానెయ్యాలె. నాకు ఎరుక లేదా? మందికి నేనే చెప్తి."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

మత్తయ్య మెట్టు మీది గ్లాసును అటూ ఇటూ జరిపాడు. చిక్కుడు పందిరి మీద ఎక్కడో కాకి అరిచింది. జ్యోత్స్న మళ్లీ అడగలేదు. అలసిపోయిన మనిషిని తరమడానికి అంతే అలసిపోయిన మనిషికి మనసు రాదు.

చివరికి ఆయనే అన్నాడు.

"పెరడు పాడైందని ఫోన్ జేస్తే వచ్చిన గదా, ఆ దినమే. గేట్ల నుంచే సూసిన. ఆకు సూడంగనే తెల్సింది. ఎట్ల తెల్వకుండ ఉంటది?"

"మరి లింగస్వామి పేరు ఎందుకు చెప్పారు?"

"నేను చెప్పలే. సెల్లెనే అన్నది, వాడే కొట్టి ఉంటడు గదా అన్నా అని. నేను ఊ అన్న." ఆయన లుంగీ అంచు సర్దుకున్నాడు. "ఊ అన్న. అంతే."

ఒక్క ఊ. ఆ ఊ మీద సువార్తమ్మ పోయిన ఆదివారం చర్చి సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తన పెరడును పొరుగువాడు పాడుచేశాడని, అయినా దేవుడు తనను విడువలేదని. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ కాలనీ అంతా పాకింది. లింగస్వామి ఆటో ఎక్కడం మానేశారు కొందరు. ఇక రేపటితో ఇల్లు పోతుంది. రమ్య చదువు సంవత్సరం మధ్యలో తెగుతుంది. తిరుమలగిరిలో సువర్ణ తల్లిగారింటికి పోయి పత్తి ఏరుకోవాల్సిందే.

"రేపు అంత మందిల నిలబడి ఏమని చెప్పాలె బిడ్డా? మందు మత్తయ్యకు పంపు కడుగుడు రాదని చెప్పాల్నా?"

"రేపు కాదు పెదనాన్నా. ఇవాళ. అత్తమ్మకు. మీరు చెప్పకపోతే నేను చెప్పాలి. నేను చెబితే ఆమె నమ్మదు, నన్ను ఇంట్లోనూ ఉంచదు. మీరు చెబితే నమ్ముతుంది."

మత్తయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి, మూలుగుతూ లేచాడు.

"సబ్బుపొడి ఉన్నదా ఇంట్ల?"

"ఎందుకు?"

"తే. ముందుగాల పని జెయ్యనియ్యి. ఉత్త చేతులతోని నాకు మాట రాదు."

సబ్బుపొడి డబ్బా తెచ్చిచ్చింది. ఆయన నల్లా కింద పంపు పెట్టి, మూత విప్పాడు. లోపలి జల్లెడ తీశాడు. గొట్టం ఊడదీసి, నాజిల్ మరలు విప్పి, ఒక్కో ముక్కా బండ మీద వరసగా పేర్చాడు. పంపు నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. పాత బట్టల బ్రష్షు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. చొక్కా తడుస్తోంది. పట్టించుకోలేదు. జ్యోత్స్న మురికి నీళ్లు మోరీలోకి పోకుండా బకెట్‌లో పట్టి, మొక్కలు లేని మూల గుంట తీసి పోసింది. ఆ గుంట చుట్టూ గరిక మాత్రం హాయిగా ఊగుతోంది.

గేటు చప్పుడైంది.

సువార్తమ్మ వచ్చింది. చేతిలో బైబిలు సంచి, నెత్తి మీది కొంగు ఇంకా తీయలేదు. ప్రార్థన నుంచి వచ్చినప్పుడు ఆమె మొహం తేటగా ఉంటుంది. ఇవాళా ఉంది.

"అన్నా! ఎప్పుడొచ్చినవ్? సుమతమ్మోళ్ల ఇంట్ల అందరం మోకాళ్ల మీద..." అంటూ వెనక్కి వచ్చి ఆగింది. బండ మీద పరిచిన ముక్కలు, నురగ, తడిసి ముద్దైన చొక్కా. "ఇదేందన్నా, గీ యాళ పంపు కడుగుతున్నవ్? ఆనాడు కడిగిన అన్నవ్ గదా."

మత్తయ్య తల ఎత్తలేదు. బ్రష్షు ఆగింది. చేతి మీద నుంచి నురగ మెల్లగా జారి బండ మీద పడింది.

"తొలిసిన సెల్లె," అన్నాడు.

వరి, ఆకు కలుపు, బెండ చెట్లు, ఇవన్నీ చెప్పాలేమో, విడమరచాలేమో అనుకుంది జ్యోత్స్న. ఏదీ అవసరం పడలేదు. ఆ మాట సువార్తమ్మ చెవిన పడగానే ఆమె చూపు పంపు మీద నుంచి పెరటి మీదికి, పెరటి మీద నుంచి గోడ మీదికి, మళ్లీ అన్న మీదికి తిరిగి వచ్చింది. గంటె కాడ దెబ్బ తిన్న ఇద్దరు పిల్లల మధ్య ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

"కడగలేవా?" అంది, చిన్నపిల్ల గొంతుతో.

"కడగలే."

ఆమె మెట్టు మీద కూలబడింది. బైబిలు సంచి ఒళ్లో పెట్టుకుంది. పొద్దు గోడవతలికి జారింది. ఎక్కడో మైకులో టిఫిన్ బండి పాట. ఆమెకు వయసు ఒక్కసారిగా మీద పడ్డట్టు కనిపించింది జ్యోత్స్నకు. తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. ఏదీ చేయలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "నాకు బూడిద సాలు గదా. గుప్పెడు బూడిద సల్లుకుంటే అయిపోవు. అన్నను పిలుద్దాం, జర సంబురపడ్తడు అనుకున్న."

మత్తయ్య మొహం మోచేత్తో తుడుచుకున్నాడు. నురగ గడ్డానికి అంటుకుంది.

"రేపు నేనే చెప్త సెల్లె. అందరి ముంగట చెప్త. ఈ ముసల్తనంల నాకు పేరెందుకు?"

"నువ్వు చెప్పవు." సువార్తమ్మ గొంతు గట్టిపడింది. "రేపు నువ్వు రానే రావు. పొద్దుగాలనే బండెక్కి త్రిపురారం వోతవు. జరమొచ్చిందని నేను చెప్త."

"అత్తమ్మా!" జ్యోత్స్న లేచింది. "వాళ్లు రేపు ఇల్లు ఖాళీ చేయాలి. పిల్ల చదువు..."

"ఇల్లు కిరాయిది. ఇంకోటి దొరుకుతది. నాకు ఇంకో అన్న దొరుకుతడా?"

"లింగస్వామి ఏ తప్పూ చేయలేదు!"

"చెయ్యలే. నాకు తెల్సింది గిప్పుడు. సంఘంల నిలబడి నేను అన్న మాట దేవుని ముంగట అన్న. దాన్ని ఎనక్కి తీస్కుంటే మా అన్న పేరు బజార్ల పడ్తది. తీస్కోకపోతే నా పాపం నా మీదనే ఉంటది. ఉండనియ్యి. నేను మోస్త." ఆమె కళ్లు మూసుకుంది. "నాకిగ ఓపిక లేదు జ్యోత్స్నా. ముంగటి దర్వాజ ఏసి రా. ఈ మాట గోడ దాటద్దు."

జ్యోత్స్న మత్తయ్య వైపు చూసింది. ఆయన నాజిల్‌ను వేళ్ల మధ్య తిప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ బిగిస్తున్నాడు. సహాయం అక్కడి నుంచి రాదు.

ముందు గదిలో చీకటిగా ఉంది. లైటు వేయలేదు ఎవరూ. దర్వాజ దాకా నడిచి, గొళ్లెం మీద చెయ్యి వేసింది. వేస్తే వారం రోజుల గోల ఈ రాత్రితో సద్దుమణుగుతుంది. అత్త ఉంటుంది, ఇల్లు ఉంటుంది, పెరట్లో మళ్లీ గింజలు పడతాయి. అందరూ నిద్రపోతారు. తనకూ నిద్ర కావాలి. నిజంగా కావాలి.

పైపైన నీళ్లు పోసి, తిప్పి పారబోసినట్టు.

దర్వాజ బయటి నుంచి దగ్గరికి లాగి, రోడ్డు మీదికి వచ్చేసింది.

సువర్ణ వాళ్ల గేటు తెరిచే ఉంది. వాకిట్లో లింగస్వామి ఆటో వెనక సీటు తీసి ఉంది. లోపల బియ్యం డ్రమ్ము, చుట్టి కట్టిన పరుపు, కుక్కరు మూట. రమ్య గడప మీద కూర్చుని పాత చీరలో పుస్తకాలు పెట్టి ముడి వేస్తోంది. జ్యోత్స్నను చూసి ముడి వేయడం ఆపింది. "టీచర్..." అని, తల్లి వైపు చూసి నోరు మూసుకుంది.

సువర్ణ తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఇందాక తోమిన గిన్నెలన్నీ ఆమె వెనక బుట్టలో బోర్లించి ఉన్నాయి.

"ఏం టీచరమ్మా, తొవ్వ తప్పినవా? మీ ఇల్లు గాడుంది."

"సువర్ణా, రేపటి దాకా సామాన్లు ఎక్కించొద్దు."

"ఎందుకు? రేపు అందరి ముంగట ఎల్లగొట్టిచ్చుకోవాల్నా? ఇయ్యాలనే మర్యాదగ పోతున్నం. మా ఆయన డబ్బాల పెట్రోల్ పోయిచ్చుకుని వస్తే అయిపాయె." సువర్ణ ఒక అడుగు ముందుకు వేసింది. జ్యోత్స్న మొహం చూసింది, తరువాత కాళ్లు చూసింది. చెప్పులు లేని కాళ్లు. మట్టి అంటిన కాళ్లు. ఆమె గొంతు మారింది. "ఇందాక మీ పెరట్ల ముసలాయన అరుసుడు ఇన్నా. ఏమైంది? ఒక్కటి చెప్పు నాకు. నిన్ను మీ అత్త పంపిందా, నువ్వే వచ్చినవా?"

జ్యోత్స్న నోరు తెరిచింది.

అప్పుడే గోడవతల నుంచి, పెరటి చీకట్లో నుంచి, అలసిపోయిన గొంతు ఒకటి స్పష్టంగా ఇద్దరికీ వినబడింది.

"జ్యోత్స్నా... దర్వాజ ఏసినవా?"